బతికుండగానే రాసే లీలారాణి

లీలారాణి అప్ప రాయడం మొదలుపెట్టింది ప్రేమతో కాదు, కోపంతో. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ మధ్య మా ఊళ్ళో కొందరు “ఆవిడకి అది దేవుడిచ్చిన వరం” అనడం మొదలుపెట్టారు. వరమూ లేదు, గిరమూ లేదు. నా పేరు యమున. రాజాం రోడ్డు మీద చర్చి వీధి మలుపులో మా టైలరింగ్ కొట్టు. రెండు మిషన్లు, ఒకటి ఆవిడది, రెండోది నాది. నాకన్నా పెద్దది, మా వైపు అక్కని అప్ప అంటాం. ఒక్క పేజీ రాయడానికి ఆవిడ ఎంత తంటాలు పడిందో పక్క మిషను మీద కూర్చుని చూసినదాన్ని. వరం అన్నవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్ప వాళ్ళది బాప్టిస్టు చర్చి. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు, మా దేవుళ్ళు వేరు. కాని ఒకే కొట్లో ఏళ్ళ తరబడి కుట్టుకుంటున్నాక ఒకరి మంచీచెడ్డా ఒకరికి తెలియకుండా పోదు. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోతే, సమాధికి తీసుకెళ్ళే ముందు, పెట్టె పక్కన ఒకరు నిలబడి ఆ మనిషి జీవిత చరిత్ర చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఎవరిని పెళ్ళి చేసుకున్నారు, పిల్లలు ఏం చేస్తున్నారు, సంఘానికి ఏం సేవ చేశారు, అంతా ఒక కాగితం మీద. మొదటిసారి విన్నప్పుడు నాకెంతో నచ్చింది. మావాళ్ళలో మనిషి పోతే ఏడుస్తాం గాని, ఇలా నిలబడి ఆ మనిషి ఎవరో చెప్పడం అనేది లేదు.

అయితే మా ఊరి చర్చిలో ఆ కాగితం రాసేదీ, చదివేదీ ఒక్కరే. సంఘ కార్యదర్శి కృపానిధిగారు. తెల్ల చొక్కా, జేబులో కళ్ళజోడు, మైకు కనిపిస్తే చాలు గొంతు మారిపోయే మనిషి. ఆయన ఒకే కాగితం దగ్గర పెట్టుకుని పేర్లు మార్చి చదువుతాడని అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనరు. చావు ఇంట్లో తప్పులు పట్టేవాళ్ళు ఎవరుంటారు?

అప్ప వాళ్ళమ్మ పోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆవిడ బతుకంతా బట్టీ దగ్గర కూర్చుని మరమరాలు వేయించింది. ఆ పొగకి గొంతు పూర్తిగా పాడైపోయింది. మాట్లాడితే గాలి తప్ప మాట వచ్చేది కాదు, ఏం చెప్పిందో తెలియాలంటే నోటి దగ్గర చెవి పెట్టాలి. ఆ తల్లి పెట్టె పక్కన నిలబడి కృపానిధిగారు చదివాడు: “ఆమె భక్తిగల కుటుంబమునందు జన్మించి, మధురమైన కంఠముతో ప్రభువును స్తుతించుచు, సంఘ గాయక బృందమునకు అలంకారముగా ఉండెడివారు.” అంతకు ముందు నెలలో పోయిన పాటలావిడ కాగితంలోంచి ఆ ముక్క తీసేయడం మర్చిపోయాడన్నమాట. అది పొరపాటు. పొరపాటు ఎవరైనా చేస్తారు. కాని ఆ ముక్క విని షామియానా కింద కూర్చున్న జనమంతా తలలూపారు. కొందరు ఆమేన్ అన్నారు. గొంతులేని మనిషి పక్కింట్లోనే బతికినవాళ్ళు అన్నారు ఆ మాట!

సమాధి అయ్యాక అప్ప ఆయన దగ్గరికి వెళ్ళింది.

“మా అమ్మ పాటలు పాడిందని మీకెవులు సెప్పినారండీ?”

ఆయన తడబడలేదు. “ఇలాంటి సమయంలో నాలుగు మంచి మాటలు చెప్పాలమ్మా. పోయినవాళ్ళందరూ ఇప్పుడు పరలోకంలో పాడుతూనే ఉంటారు కదా. దాన్లో తప్పేటుంది?” అన్నాడు.

 అప్ప ఇంటికొచ్చి తలస్నానం చేసి, జుట్టు ఆరకముందే నాతో, “అమ్మకి మాట నేకపోతే నాకు నోరు నేదేటే?” అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ఏడవడం లేదు. పళ్ళు పటపటా కొరికింది.

మర్నాటి నుంచి కొట్టుకి నాకన్నా ముందు రావడం మొదలుపెట్టింది. కొలతల కాగితాలు కత్తిరించడానికి మా దగ్గర పాత క్యాలెండర్లు బోలెడు ఉంటాయి. ఒక నెల చింపి, వెనకవైపు తెల్లగా ఉన్నది కటింగు బల్ల మీద పరిచి, తల్లి గురించి రాయడానికి కూర్చుంది. నేను వచ్చేసరికి బల్ల కింద ఉండలు చుట్టిన కాగితాలు. ఒకటి విప్పి చూశాను. “భక్తిగల కుటుంబమునందు జన్మించి” అని ఉంది. ఇంకోటి విప్పాను. అదే. చూసి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“సూడే యమునా, నా సేతిలోన కూడా ఆడే కూకున్నాడు. పెన్ను పట్టుకుంటే ఆడి మాటలే వస్తన్నాయి. మా అమ్మ నాకు గురుతున్నాది. బట్టీ వాసన గురుతున్నాది. కాగితం మీద పెట్టబోతే కృపానిధి వచ్చేస్తన్నాడు!”

అంతసేపూ ఆవిడ కోపం ఆయన మీదే ఉండేది. ఆ రోజు తన మీదకి తిరిగింది. నాకు తెలిసి నిజంగా రాయడం మొదలైంది ఆ రోజే.

బాగా రాయాలనే ఆశ వదిలేసి ఒక నియమం పెట్టుకుంది. మిషనుకి దారం ఎక్కించే ముందు ఒక కాగితం నిండాలి. బాగుందా, చెత్తగా ఉందా తర్వాత సంగతి. ఈలోగా గిరాకీ వస్తే కూర్చోవాలి. పెళ్ళివారి జాకెట్లయినా సరే, బడి మొదలయ్యే రోజుల్లో పిల్లల గౌన్లయినా సరే. దీని మీద మాకు ఎన్ని గొడవలయ్యాయో లెక్కలేదు. గిరాకీ ముందు నేను తల దించుకోవాలి, ఆవిడ తల ఎత్తదు. “ఈ రోజుకి మానేయరాదా అప్పా, మనసు కుదిరినప్పుడు రాద్దువు గాని” అంటే నా మీద విరుచుకుపడింది.

“మనసు కుదరడమేటి? పొయ్యి రోజూ ఎలిగించవా నువ్వు? మనసు కుదిరినప్పుడు ఎలిగిస్తావేటి?”

 పొయ్యి మాట నిజమైనందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

తల్లి గురించి రాసిన కాగితాలు మెల్లగా దారిన పడ్డాయి. బట్టీలో ఇసక ఎంత వేడెక్కాలో చేత్తో చూసి చెప్పేదట ఆవిడ. పాట పాడమని పిల్లలు అడిగితే జల్లెడ మీద వేళ్ళతో చప్పుడు చేసేదట. అవన్నీ వచ్చాక ఒక రోజు ఇక రాయడానికేమీ మిగల్లేదు. అప్ప పెన్ను మూతి కొరుక్కుంటూ కూర్చుంది. పొద్దెక్కింది. మిషను ముట్టుకోదు, కాగితం నిండదు. నేనే జాలిపడి, “పోనీ నా గురించి రాయి” అన్నాను.

చెప్పమంది. చెప్పాను. ఎక్కడ పుట్టానో, ఎంతవరకు చదివానో, ఎవరింటికి కోడలిగా వచ్చానో, పిల్లలేం చదువుతున్నారో చెప్పాను. అప్ప ఆవులించింది.

“నీదీ కృపానిధి కాగితంలాగే ఉన్నాదే” అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఏటి నాది అంత సప్పగా ఉన్నాదేటి? నా పెళ్ళిలోన మా మావ వీడియో వోడి సెవిలోన ఏటో ఊదినాడు. పెళ్ళికూతురు నల్లగుంది, పక్కకి నిలబెట్టీయి అన్నాడు. ఆల్బం తీసి సూడు, ప్రతి ఫొటోలోన మా ఆడపడుసు ముందుంటాది. నా పెళ్ళి ఆల్బంలోన నన్ను ఎతుక్కోవాల! ఇన్నేళ్ళయింది, ఇప్పుడికీ ఆ ఆల్బం నాను తియ్యను. ఇది సప్పటి బతుకేటి?” అని అరిచేశాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

అప్ప చూపు మారిపోయింది. “ఆగు, ఆగు” అంటూ పెన్ను తీసింది. ఆ పూట కాగితం నిండిపోయి, పక్కల ఖాళీల్లో కూడా రాసింది. అయ్యాక చదివి వినిపించింది. నా కోపం నాకే వినబడితే ఏడుపొచ్చింది. అలా ఏడుస్తానని నేను అనుకోలేదు.

అలా దొరికింది ఆవిడకి ఆ ప్రశ్న. తర్వాత ఎవరొచ్చినా, ఎప్పుడు పుట్టావు, ఏం చదివావు అని అడగడం మానేసింది. జాకెట్టు కొలత తీసుకుంటూ, మెల్లగా, “నీకు ఏటి మీద కోపం వస్తాది?” అని అడిగేది. మొదట అందరూ ఒకేలా అనేవాళ్ళు, “నాకేటి కోపం? నాకు కోపమే రాదు” అని. అప్ప టేపు చుట్టుకుంటూ ఊరుకునేది. కాస్సేపటికి మొదలయ్యేది.

చేపలమ్మే జగ్గమ్మకి బస్సు డ్రైవర్ల మీద కోపం. గంప ఉన్న ఆడదాన్ని చూస్తే స్టాపు దాటించి, దూరంగా తీసుకెళ్ళి ఆపుతారట. పరుగెత్తి వెళ్ళేసరికి బస్సు కదిలిపోతుందట. “ఆ బస్సు ఎనకాల నాను పరిగెట్టిన దూరం కలిపితే ఒరిస్సా దాటిపోదును” అంది. ఆటో రమేష్‌బాబుకి చిన్నప్పటి లెక్కల మేష్టారి మీద కోపం. పీరియడు మొదలవగానే టీ తెమ్మని వీణ్ణే పంపేవాడట. ఏడాదంతా టీ మోసి, లెక్కల్లో తప్పితే, అదే మేష్టారు మొద్దు వెధవ అన్నాడట. దేవుడి గురించి అడిగితే అందరూ ఒకే మాట చెబుతారు, మంచితనం గురించి అడిగినా అంతే. కోపం గురించి అడిగితే ఎవరి మాట వారిదే. అప్పకి రాయడానికి కొరత లేకుండా పోయింది. క్యాలెండర్లు అయిపోతే పక్క కొట్లవాళ్ళని అడిగి తెచ్చేదాన్ని నేను.

ఊరు ఊరుకుంటుందా? వీధి చివర ఒక తాత ఉండేవాడు. అప్ప ఆయన కబుర్లన్నీ రాసింది. కొన్నాళ్ళకి ఆయన పోయాడు. తొంభై దాటిన మనిషి, చలికాలం వస్తే ఊపిరాడని మనిషి. అయినా సరే, కుళాయి దగ్గర మాట పుట్టింది. జీవిత చరిత్ర చచ్చాక రాసేది గాని బతికుండగా రాస్తారా, బతికున్నవాళ్ళకి రాస్తే చావుని పిలిచినట్టే, లీలారాణి కాగితం తీసిందంటే పెట్టెకి మేకులు కొట్టినట్టే అని. అలా అన్నవాళ్ళలో చర్చికెళ్ళేవాళ్ళూ ఉన్నారు, గుడికెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఈ విషయంలో మాత్రం అందరూ ఒకటైపోయారు! లక్ష్మణమ్మ కొట్టుకొచ్చి, కుట్టడానికిచ్చిన గుడ్డ వెనక్కి లాక్కుంది.

“నా కొలతలు కూడా సింపీయి తల్లీ. నీకో దండం” అంది.

“నీ కొలతలు పట్టుకుని యముడు వస్తాడేటే? ఆడికి జాకెట్టు కుట్టాలా?” అని నేను దెబ్బలాటకి దిగాను. కుళాయి దగ్గర దెబ్బలాడాను, రేషను షాపు దగ్గర దెబ్బలాడాను, మా ఇంట్లోనూ దెబ్బలాడాను. గిరాకీ పోయినందుకు కొంత, అప్పని అన్నందుకు ఎక్కువ. ఆవిడ మాత్రం దెబ్బలాడలేదు. క్యాలెండర్ కాగితాలు మడిచి అటక మీద పెట్టేసి, పొద్దున్నే మిషనుకి దారం ఎక్కించింది.

రాయడం మానేసిన ఆ రోజుల్లో ఆవిడతో కూర్చోవడం నరకం. జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపుకి కత్తిరించేసేది. హుక్కులు తిరగేసి కుట్టేది. ఏమన్నా అంటే కసురుకునేది. “రాయకపోతే ఒంట్లోన ఏటో నిలవ ఉండిపోయినట్టుంటాది యమునా” అని ఒక్కసారి మాత్రం చెప్పింది.

అలాంటప్పుడు ప్రిస్కిల్లమ్మ వచ్చింది. చేతికర్ర ఊతంతో మెట్టెక్కి, ఎవరినీ అడక్కుండా స్టూలు లాక్కుని కూర్చుంది.

ప్రిస్కిల్లమ్మ అంటే మా వీధిలో గౌరవం. వాళ్ళాయన మేష్టారు. పోయి చాలా కాలమైంది. చర్చి గేటు మీద రాయిలో ఆయన పేరు చెక్కి ఉంది. కొడుకు విక్టర్ విజయనగరంలో కాలేజీ లెక్చరరు. ప్రిస్కిల్లమ్మ కుడి చెయ్యి మణికట్టు దగ్గర వంకరగా ఉంటుంది. నూతి దగ్గర జారిపడ్డానని ఆవిడ చెప్పేది. మేష్టారు చెయ్యి మెలితిప్పి విరిచాడని వీధి మొత్తానికి తెలుసు. అది రహస్యమేమీ కాదు. ఎవరూ నోటితో అనరు, అంతే.

“నాకు రాయే లీలా” అంది.

అప్ప తలెత్తలేదు. “నాను రాస్తే సచ్చిపోతారంట పిన్నీ. వద్దు.”

“నాకు సావంటే బయం నేదే. కృపానిధి రాతంటే బయం.”

నేను పకపకా నవ్వాను. అప్ప కూడా నవ్వబోయి ఆగిపోయింది, ఎందుకంటే ప్రిస్కిల్లమ్మ నవ్వడం లేదు.

“మీ మేష్టారు పోయినప్పుడు కృపానిధి ఏటి సదివినాడో గురుతున్నాదా? అన్యోన్య దంపతులు అన్నాడు. ఎవులినీ పల్లెత్తు మాట అనని సాత్వికుడు అన్నాడు. నాను ఆ పెట్టె పక్కన ఈ సెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూకున్నాను. జనం నా సేతికేసి సూసినారు, సూసి ఆమేన్ అన్నారు. ఇంక నాను పోతే ఏటి సదువుతాడు? బర్త అడుగుజాడలలో నడిసిన ఇల్లాలు అంటాడు. నాను పెట్టెలోన పడుకుని ఎలగ కాదంటానే? లెగిసి కూకుంటానేటి?”

అటక మీంచి కాగితాలు నేనే దించాను.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆవిడ వచ్చేది. ఆ స్టూలు మీదే కూర్చుని, టీ తాగుతూ చెప్పేది. అప్ప కోపం గురించి ప్రత్యేకం అడగక్కర్లేకపోయింది. చెయ్యి విరిగిన రోజు ఇంటికి అనుకోకుండా పాస్టర్లు వచ్చారట. అన్నం ఉడకడం ఆలస్యమైందట. ముందు గదిలో వాళ్ళు ప్రార్థన చేస్తుంటే వంటింట్లో ఆయన చెయ్యి మెలితిప్పాడట. అరిస్తే వాళ్ళకి వినబడుతుందని ఆవిడ పమిట నోట్లో కుక్కుకుందట. ఎముక విరిగిన చేత్తోనే వడ్డించిందట. ఇది వింటుంటే నా కాళ్ళు మిషను మీద ఆగిపోయాయి. చచ్చిపోయినవాడిని సమాధిలోంచి లేపి కొట్టాలనిపించింది.

అప్ప రాసి వినిపించింది: “భర్త కొంత కోపిష్టి అయినప్పటికీ, ఆమె సహనముతో...”

ప్రిస్కిల్లమ్మ కర్రతో నేలని కొట్టింది. “అయినప్పటికీ ఏటి? కోపిష్టి ఏటి? కోపం నాకున్నాది. ఆడు కొట్టీవోడు. కొట్టినాడని రాయి. సహనం కాదు, బయం. బయమని రాయి.”

అప్ప మొహం ఎర్రబడింది. ఇన్ని కాగితాలు నింపాక కూడా కృపానిధి ఇంకా చేతిలోంచి దిగలేదు. ఆ పేజీ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం రాయడం, వినిపించడం, తిట్టించుకోవడం. నేను కుట్టు మానేసి చూస్తూ కూర్చునేదాన్ని. రాయడమంటే ఇంత పోట్లాట ఉంటుందని నాకు తెలియదు.

ఈ సంగతి విక్టర్‌కి చేరింది. ఆదివారం చర్చి అయ్యాక నేరుగా కొట్టుకొచ్చాడు. చదువుకున్నవాడు, గొంతు పెంచలేదు.

“అక్కా, ఆ కాగితాలు ఇచ్చేయండి. పెద్ద వయసులో మా అమ్మ ఏదో మాట్లాడతాది. దాన్ని రాసి ఊరేగించడం పద్ధతి కాదు.”

“ఆవిడ సెప్పింది నాను రాసినాను. అబద్దమైతే సెప్పు బాబూ, ఇక్కడే సింపేస్తాను” అంది అప్ప.

అబద్ధమని అతను అనలేదు. నేను అతని మొహమే చూస్తున్నాను. అనలేకపోయాడు.

“మీరేం రాసుకున్నా, రేపు అమ్మకి ఏదైనా అయితే ఆ ప్రార్థన కూడిక జరిగేది మా ఇంట్లో. అక్కడ ఎవరు చదవాలో, ఏం చదవాలో చెప్పేది నేను” అని వెళ్ళిపోయాడు.

అది నిజమే. అదే మమ్మల్ని కుదిపేసింది. చచ్చిపోయిన మనిషి కాగితం కొడుకు చేతిలో ఉంటుంది. ఎంత రాసినా, ఎంత బాగా రాసినా, ఆ రోజు మైకు దగ్గర నిలబడేది కృపానిధే. మర్నాడు అప్ప ఈ మాట ప్రిస్కిల్లమ్మకి చెప్పింది. ముసలావిడ టీ గ్లాసు కింద పెట్టింది.

“సచ్చినాక సదివితే నాకేటి ఇనబడతాది? నాను బతికుండగా సదువు. నా పుట్టినరోజుకి మావోడు కృతజ్ఞత కూడిక పెడతన్నాడు కదా. దాన్లోన సదువు” అంది.

విక్టర్ ఆ కూడిక ఘనంగానే పెట్టాడు. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, మైకు, వెనకాల బిర్యానీ డేగిసాలు. పాస్టరుగారు వేరే ఊరి సభలకి వెళ్ళారని అంతా కృపానిధిగారే నడిపించాడు. పొందూరు ఖద్దరు చీరలో ప్రిస్కిల్లమ్మని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పాటలయ్యాయి, కేకు కోయించారు. అప్పుడు కృపానిధిగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం తీశాడు. “మన సహోదరి ప్రిస్కిల్లా గారు భక్తిగల కుటుంబమునందు జన్మించి, తమ భర్త గారి అడుగుజాడలలో...”

“కూకో కృపానిధీ” అంది ప్రిస్కిల్లమ్మ.

ఆయనకి అర్థం కాలేదు. ఇంకో ముక్క చదవబోయాడు.

“కూకో అన్నాను. అది నా బతుకు కాదు. లీలా, నువ్వు లెగు. సదువు.”

అప్ప లేచింది. చేతిలో క్యాలెండర్ కాగితాలు. మైకు అందుకుని మొదటి వాక్యం చదివిందో లేదో విక్టర్ మైకువాడికి సైగ చేశాడు. మైకు చచ్చిపోయింది. నాకు అక్కడే ఆ వైర్లన్నీ పీకి పారేయాలన్నంత కోపం వచ్చింది. కాని మిషను మోతలో బతికిన మనుషులం, మా గొంతులకి మైకు అక్కర్లేదు. అప్ప మైకు కుర్చీ మీద పెట్టేసి చదివింది. చివరి వరసలో పిల్లల్ని ఆడిస్తున్న ఆడవాళ్ళకి కూడా వినబడింది. పాస్టర్లు వచ్చిన రోజు, వంటింట్లో మెలితిప్పిన చెయ్యి, నోట్లో కుక్కుకున్న పమిట, విరిగిన చేత్తో వడ్డన. “ఆయన కొట్టాడు. ఆమె భయపడింది. వీధి చూసింది. ఎవరూ తలుపు తట్టలేదు” అని చదివింది. తలుపు తట్టనివాళ్ళలో చాలామంది అక్కడే కూర్చుని ఉన్నారు.

విక్టర్ లేచి నిలబడ్డాడు. “అమ్మా! నాన్నగారు చనిపోయారు. ఇప్పుడెందుకివన్నీ?”

“ఆయన సచ్చిపోనాడు. నాను సావనేదు కదరా!” అంది తల్లి. “నువ్వు ఆ రోజు వంటింట్లోనే ఉన్నావు. గాదె పక్కన దాక్కుని సూసినావు. నా కాళ్ళు పట్టుకుని ఏడిసినావు. ఏడిసినోడివి నువ్వే, ఆడు సేసినదానికి సిగ్గుపడతన్నదీ నువ్వేనేటి?”

విక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అప్పుడు నాకు అతని మీద కూడా జాలేసింది. నా కోపం పోలేదు, జాలి కూడా వేసింది.

అప్ప చివరిదాకా చదివి కూర్చుంది. నిశ్శబ్దం భరించలేని మనిషి ఒకడున్నాడు కదా. కృపానిధిగారు గబగబా లేచి, “ప్రార్థన చేద్దాం” అన్నాడు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. హమ్మయ్య అనుకుని మూసుకున్నారు, నాకు తెలుసు. ఆయన గొంతు మారిపోయింది.

“ప్రభువా, నీ దాసురాలు తన భర్త చేసిన అపరాధములన్నిటినీ మనస్ఫూర్తిగా క్షమించియున్నందుకై నీకు స్తోత్రములు...”

“నానెప్పుడు సెమించినాను?”

కళ్ళన్నీ తెరుచుకున్నాయి. ప్రిస్కిల్లమ్మ కర్ర ఊతంతో లేచి నిలబడి ఉంది.

“నాను సెమించినానని నీకెవులు సెప్పినారు కృపానిధీ? నాను దేవుడికి కూడా సెప్పనేదు ఆ మాట. కళ్ళు మూసుకుని అబద్దాలు ఆడకు. సెమిస్తానో నేదో అది నాకూ దేవుడికీ మద్దెన. నువ్వు మద్దెలో దూరకు.”

 ఆమేన్ అనడానికి ఎవరికీ సందు దొరకలేదు.

“లీలా, కాగితం అయిపోయిందా?”

“అడుగున కొంచెం జాగా ఉన్నాది పిన్నీ.”

“అయితే రాయి.”

అప్ప దగ్గర పెన్ను లేదు. చదవడానికి వచ్చిందిగాని రాయడానికి రాలేదు కదా. నా దగ్గరా లేదు. ప్రిస్కిల్లమ్మ చుట్టూ చూసి, కొడుకు వైపు తిరిగి, ఆ వంకర చెయ్యి చాచింది. విక్టర్ చొక్కా జేబులో పెన్ను ఉంది. అతను ఆ చెయ్యి చూశాడు.  తర్వాత జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి, తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ అప్పకి ఇచ్చింది.

అప్ప కాగితం మోకాలి మీద పెట్టుకుని రాసింది. ఈసారి కొట్టివేతలేమీ లేవు. లేచి, అందరికీ వినబడేలా చదివింది:

“ఆమె అతన్ని క్షమించలేదు.”

ప్రిస్కిల్లమ్మ తలూపింది. కుర్చీలో కూర్చుని, పమిట సర్దుకుని, వెనకాల డేగిసాల దగ్గర నిలబడినవాళ్ళకేసి చూసింది.

“ఇంక బోజనాలు ఎట్టండి” అంది.